బెర్తు లెక్క: రిజిస్టరు నుంచి పీఎన్‌ఆర్ దాకా

రైల్వే రిజర్వేషన్లలోకి కంప్యూటర్ వచ్చిన కథను మనం ఎప్పుడూ ఒకే తీరుగా చెప్పుకుంటాం. ఒకప్పుడు తెల్లవారకముందే వెళ్లి కౌంటర్ ముందు నిలబడాలి. ఒక్కో రైలుకు ఒక్కో కిటికీ. తీరా మన వంతు వచ్చేసరికి ఆ రైలు ఇక్కడ కాదు, పక్క లైన్లోకి వెళ్లమనేవారు. 1985 తర్వాత కంప్యూటర్లు దిగాయి, ఏ కిటికీలోనైనా ఏ రైలుకైనా టికెట్ ఇవ్వడం మొదలైంది, ఇంటర్నెట్ వచ్చాక కిటికీతోనే పని లేకుండా పోయింది. ఈ కథలో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఇదంతా వేగం గురించిన కథ. అంతకుముందు ఆఫీసులో ఉన్నదంతా గందరగోళమేననీ, యంత్రం వచ్చి దాన్ని గాడిలో పెట్టిందనీ అనిపించేలా సాగుతుంది. నిజానికి కాగితాల కాలంలోనూ అక్కడ పకడ్బందీ సమాచార వ్యవస్థ ఉంది. బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పాఠ్యపుస్తకాల్లో డేటాబేస్, ట్రాన్సాక్షన్, ఆడిట్, యాక్సెస్ అంటూ కనిపించే ప్రతిదానికీ సరిపడే పని ఆ బల్లల మీద జరిగేది. కాగితానికి ఎన్నటికీ లొంగని చిక్కును ఒక్కదాన్ని కంప్యూటర్ విప్పింది. మిగతా కట్టుబాట్లను దాదాపు ఉన్నవున్నట్టుగా తనలోకి తీసుకుంది. ఇవాళ ఫోన్‌లో జీఎన్‌డబ్ల్యూఎల్, పీక్యూడబ్ల్యూఎల్, ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ అని వెయిటింగ్ లిస్టుల పక్కన కనిపించే అక్షరాల వెనక ఉన్నవి చాలావరకు కాగితం మీద గీసుకున్న గీతలే అన్నది నా వాదన.

ముందుగా టికెట్‌నూ రిజర్వేషన్‌నూ విడదీసి చూడాలి. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడటం అలవాటైపోయింది గాని, లెక్కల దృష్టితో చూస్తే వాటికి పోలిక లేదు. 1830ల చివర ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్–కార్లైల్ రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసిన థామస్ ఎడ్మండ్‌సన్ అట్టముక్క టికెట్‌ను కనిపెట్టాడు. అంతకుముందు గుమస్తా ప్రతి ప్రయాణికుడికీ చేత్తో రాసి ఇచ్చేవాడు. రాసింది ఎంతో, వసూలైంది ఎంతో యజమానులకు తేలడం కష్టం. ఎడ్మండ్‌సన్ టికెట్లు ముందే అచ్చయి, వరస నంబర్లతో బీరువా అరల్లో పేర్చి ఉండేవి. ఒక్కొక్కటే లాగి, తేదీ యంత్రంలో పెట్టి టక్కున కొట్టి ఇచ్చేవారు. డ్యూటీ దిగేటప్పుడు ప్రతి అరలో తర్వాత అమ్మాల్సిన టికెట్ నంబరు రాసుకుంటే చాలు. డ్యూటీ ఎక్కినప్పటి నంబరుకూ దీనికీ ఎంత తేడా ఉంటే అన్ని టికెట్లు అమ్మినట్టు. దాన్ని చార్జీతో హెచ్చవేస్తే గల్లాలో ఉండాల్సిన సొమ్ము. ఒక్క తీసివేత, ఒక్క హెచ్చవేతతో స్టాకు, అమ్మకం, నగదు ఒకదాని తప్పును ఇంకొకటి పట్టిస్తాయి. 1874లో వాడి–సికింద్రాబాద్ లైను తెరుచుకుని నిజాం రైల్వే నడక మొదలయ్యేనాటికే ఈ పద్ధతి దేశదేశాలకు పాకింది. మన స్టేషన్లలో ఆ అట్టముక్కలు ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా నడిచాయి. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో అంతకాలం నిలిచేది ఏదన్నా ఉంటుందా అన్నది అనుమానమే.

అయితే ఆ అట్టముక్కకు ప్రయాణికుడెవరో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. రైల్లో ఎంతమందికి చోటుందో కూడా దానికి పట్టదు. జనరల్ పెట్టెలో కాలు మోపడానికి సందు లేకున్నా టికెట్లు అమ్ముడవుతూనే ఉంటాయి. రిజర్వేషన్ అలా కాదు. పాత పద్ధతి ఐసీఎఫ్ స్లీపర్ పెట్టెనే తీసుకుంటే అందులో తొమ్మిది అరలు, అరకు ఎనిమిది చొప్పున 72 బెర్తులు. ఒకటి, నాలుగు కింద. రెండు, అయిదు మధ్య. మూడు, ఆరు పైన. ఏడు సైడ్ లోయర్, ఎనిమిది సైడ్ అప్పర్. మళ్లీ తొమ్మిది నుంచి అదే వరస. ఫలానా తేదీన ఫలానా రైల్లో ఫలానా పెట్టెలో 23వ నంబరు బెర్తు ఒక్కటే ఉంటుంది. దాన్ని ఒక్కసారే అమ్మగలం. అమ్మిన తర్వాత మరొకరికి అమ్మకూడదు, రద్దయితే వెంటనే మళ్లీ అమ్మగలగాలి. అంటే ఇక్కడ లెక్క పెట్టాల్సింది అమ్మకాలను కాదు, ఇంకా అమ్మనివాటిని. ఆ ఖాళీల జాబితా ఏ క్షణానికి ఆ క్షణం నిజమై ఉండాలి. ఎడ్మండ్‌సన్ పద్ధతిలో లెక్క డ్యూటీ చివర తేలితే సరిపోయేది. బెర్తు లెక్క ప్రతి మనిషి దగ్గరా తేలాలి.

దీనికి కాగితం దగ్గరున్న ఉపాయం ఒక్కటే: ఒక రైలుకు, ఒక తేదీకి, ఒక తరగతికి ఒకే రిజిస్టరు, ఆ రిజిస్టరు మీద ఒకే కలం. ప్రయాణికుడు ఫారం నింపి ఇస్తే గుమస్తా ఆ తేదీ పేజీ తెరిచి, ఖాళీ గడిలో పేరు, వయసు, టికెట్ నంబరు రాసేవాడు. పేజీ నిండితే వెయిటింగ్ లిస్టు. రెండో కలం చేరితే ఒకే బెర్తు ఇద్దరికి పోతుంది కాబట్టి పుస్తకం రెండు కిటికీల్లో ఉండకూడదు. జనం విసుక్కున్న ‘ఈ రైలు ఇక్కడ కాదు’ అన్న జవాబుకు కారణం సిబ్బంది నిర్లక్ష్యమే అనుకుంటే పొరపాటు. ఇప్పటి ఇంజనీర్లు లాకింగ్ అనే పనినే అప్పుడు కిటికీలు విడదీసి చేశారు. ఎర్నాకుళం రైలు కిటికీ దగ్గర ముగ్గురే ఉండి, మద్రాసు రైలు కిటికీ దగ్గర మూడు వందల మంది ఉన్నా వాళ్లను ఇటు పంపే వీలు లేదు. పుస్తకం ఇటు రాదు. ప్రయాణానికి కొద్ది గంటల ముందు ఈ పేజీల నుంచే చార్టులు ఎత్తిరాసి, ఒక ప్రతిని పెట్టెకు అతికించి, ఒకటి రైల్లో టికెట్లు చూసే టీటీఈ చేతికిచ్చేవారు. చార్టు రాయడం మొదలయ్యాక ఆ పుస్తకంలో కొత్త పేరు రాయడం కుదరదు. రైలు బయలుదేరడానికి ముందే అమ్మకం మూసేయాల్సి రావడం ఈ చేతిరాత వల్ల వచ్చిన కట్టుబాటు.

పుస్తకం ఒక్క ఊళ్లోనే ఉంటుందన్నది దీనికన్నా పెద్ద చిక్కు. రైలు మాత్రం ఇరవై ఊళ్లు తిరుగుతుంది. 1974 ఫిబ్రవరిలో వాల్తేరు–హైదరాబాద్ మధ్య మొదలై తర్వాత గోదావరి ఎక్స్‌ప్రెస్‌గా స్థిరపడిన రైలునే చూడండి. సాయంత్రం విశాఖలో కదిలి, తుని, సామర్లకోట, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ మీదుగా తెల్లారేసరికి సికింద్రాబాద్ చేరుతుంది. రిజిస్టరు విశాఖలో ఉంటే రాజమండ్రి స్టేషనులో ఫారం ఇచ్చిన మనిషికి బెర్తు ఉందో లేదో అక్కడి గుమస్తాకు ఎలా తెలుస్తుంది? తంతి కొట్టి అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. తిరుగు ప్రయాణానికి రిజర్వేషన్ కావాలన్నవాళ్లకు అదే దారి. తంతి వెళ్లేది, జవాబు వస్తే వచ్చేది, లేకుంటే ఆ ఊరు చేరాక చూసుకోవడమే. ప్రతి బెర్తుకూ ఇలా తంతి నడపలేరు కాబట్టి రైల్వే అసలు వస్తువునే ముక్కలు చేసి పంచింది. ఈ రైల్లో రాజమండ్రికి ఇన్ని బెర్తులు, విజయవాడకు ఇన్ని అని ముందే విడగొట్టి, ఎవరి ముక్కకు వాళ్లు పుస్తకం పెట్టుకోమంది. అదే స్టేషన్ కోటా. చిన్న స్టేషన్లు కొన్నిటిని కలిపి ఒక ముక్క ఇస్తే ఉమ్మడి కోటా. కబురు చేరడానికి పట్టే సమయాన్ని బెర్తుల పంపకంగా మార్చిన ఏర్పాటు ఇది. దాని ఖరీదు కూడా తెలిసిందే: ఒక ఊరి పేజీలో గడులు ఖాళీగా ఉండగానే పక్క ఊళ్లో వెయిటింగ్ లిస్టు సాగుతూ ఉండేది.

మరి కంప్యూటర్లు రాగానే ఈ బెర్తు లెక్కను ఎందుకు పట్టుకోలేదు? రైల్వేలో కంప్యూటర్లు 1985లో పుట్టలేదు. 1960ల్లోనే జోనల్ కార్యాలయాల్లో ఐబీఎం 1401 యంత్రాలు దిగాయి. జీతాల పట్టీలు, స్టోర్స్ లెక్కలు, రాబడి లెక్కలు వాటి మీద జరిగేవి. అవన్నీ పోగేసి ఒకేసారి చేసే పనులు. నెలంతా కార్డులకు చిల్లులు పొడిచి, ఒక రాత్రి యంత్రంలో పోస్తే తెల్లారేసరికి జీతాల జాబితా వచ్చేది. దీన్నే బ్యాచ్ ప్రాసెసింగ్ అంటారు. ఎడ్మండ్‌సన్ లెక్కకు ఈ పద్ధతి చక్కగా అతుకుతుంది, బెర్తు లెక్కకు ఏమాత్రం అతకదు. కిటికీ ముందు మనిషి నిలబడి ఉండగానే సమాధానం చెప్పే యంత్రం కావాలి. అమెరికాలో ఈ చిక్కును మొదట ఎదుర్కొన్నవి విమాన సంస్థలు. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి కట్టిన సేబర్ 1964 నాటికి పూర్తిస్థాయిలో పనిచేసింది. రైళ్లలో జపాన్ ముందుంది. ఇంజనీరు మమోరు హోసాకా ఆలోచనతో జపాన్ జాతీయ రైల్వే 1960లోనే మార్స్–1 అనే యంత్రంతో కొన్ని ఎక్స్‌ప్రెస్ రైళ్ల సీట్లు అమ్మింది. మన దగ్గర డబ్బు, విదేశీ మారకం, టెలిఫోను లైన్ల నాణ్యత అన్నీ అడ్డే. ఉద్యోగాలు పోతాయన్న భయం వీటికి తోడు. 1960ల మధ్యలో కోల్‌కతాలో ఎల్‌ఐసీ కంప్యూటర్‌ను ఉద్యోగులు లోపలికి రానివ్వకుండా కాపలా కాసిన సంగతి యాజమాన్యాలన్నిటికీ గుర్తుండేది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లాక దాని యంత్రాల ఆలనాపాలనా చూసే పని ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీకి దక్కింది. ఇతరుల యంత్రాలు బాగుచేయడంతో ఆగకుండా సొంతంగా వ్యవస్థలు కట్టే నేర్పును ఆ సంస్థ కూడగట్టుకుంది.

సీఎంసీ తయారుచేసిన ఇంప్రెస్ అనే వ్యవస్థ 1985 నవంబరులో న్యూఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వ్యాక్స్ యంత్రాలు నడుమ, వాటికి తీగలతో కలిపిన టెర్మినళ్లు కిటికీల్లో. చూసినవాళ్లను ఆకట్టుకున్నది టికెట్ అచ్చయ్యే వేగమే గాని, అసలు పని కనిపించని చోట జరిగింది. రెండు కిటికీల్లో ఇద్దరు గుమస్తాలు ఒకే క్షణంలో అదే 23వ బెర్తును అడిగారనుకోండి. యంత్రం ఒకరిని రెప్పపాటు ఆపి, రెండోవారి పని ముగించి, అప్పుడు మొదటివారికి తర్వాతి ఖాళీ చూపించాలి. డబ్బు జమ, బెర్తు కేటాయింపు, టికెట్ అచ్చు అన్నీ పూర్తికావాలి, లేదా ఒక్కటీ జరగనట్టే ఉండాలి. మధ్యలో కరెంటు పోతే సగం అమ్మిన బెర్తు మిగలకూడదు. లావాదేవీ అంటే డేటాబేస్ ఇంజనీర్లకు అర్థం ఇదే. మన రైల్వే రిజర్వేషన్ చరిత్రలో ఒకే పుస్తకం మీద అనేక కలాలు ఒకేసారి నడవడం అప్పుడే సాధ్యమైంది. క్యూ తగ్గడం దాని ఫలితం మాత్రమే. మద్రాసు రైలుకు నిలబడ్డ మూడు వందల మంది అన్ని కిటికీలకూ సర్దుకున్నారు. గుమస్తాల పనిలో వేగం ఏమీ పెరగకపోయినా ఆ ఒక్క మార్పుతోనే నిరీక్షణ తగ్గేది.

అయితే పుస్తకం ఇంకా ఊరు దాటలేదు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ — ఏ కేంద్రానికి ఆ కేంద్రం తన ప్రాంతపు రైళ్ల డేటాబేస్ పెట్టుకుంది. ఒక్కోటి ఒక్కో దీవి. ఈ దీవులను కలిపే పని 1986లో ఏర్పడిన రైల్వే సొంత సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్‌ది. కొత్తగా రాసిన కాన్సర్ట్ అనే వ్యవస్థను 1994లో మొదట నిలబెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ ఒక వలగా కలిశాయి. అప్పుడు గానీ గుంటూరులో కూర్చుని ఢిల్లీ–జమ్మూ రైలుకు టికెట్ తీసుకోవడం వీలుపడలేదు. తంతి పోయింది, తిరుగు ప్రయాణపు బెంగ పోయింది. అది చిన్న సంగతి కాదు. పెళ్లికో చావుకో దూరం వెళ్లే మనిషి తిరిగి ఎప్పుడు వస్తాడో ఇంట్లో ఖాయంగా చెప్పగలిగాడు. కానీ ఐదు డేటాబేసులు కరిగి ఒకటి కాలేదు. దేని రైళ్లు దానివే, ఒకదాన్నొకటి అడిగి సమాధానం తెచ్చుకుంటాయి. టికెట్ మీద పది అంకెల పీఎన్‌ఆర్ నంబరులో మొదటి అంకెను చూస్తే అది ఏ కేంద్రంలో పుట్టిందో తెలుస్తుంది. ఫోన్ తెర మీద కూడా ఆ ఐదు నగరాల పటం కనిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడికి వచ్చేసరికి కాగితం పెట్టిన షరతులన్నీ తీరిపోయాయి. రాజమండ్రి గుమస్తాకు విశాఖ పేజీ కనిపిస్తోంది. ఇక రాజమండ్రికి వేరే ముక్క ఎందుకు? విశాఖ నుంచి విజయవాడ వరకు ఒకరికి, విజయవాడ నుంచి సికింద్రాబాద్ వరకు ఇంకొకరికి ఒకే బెర్తును ఏ దూరానికి ఆ దూరం అప్పటికప్పుడు అతికించి అమ్మడం యంత్రానికి చేతకాని లెక్క కాదు. అయినా కోటాలు పోలేదు. పైగా పెరిగాయి. బయలుదేరే స్టేషను నుంచి దూరం వెళ్లేవాళ్లది జనరల్ వెయిటింగ్ లిస్టు (జీఎన్‌డబ్ల్యూఎల్), మధ్యలోని ముఖ్య స్టేషన్ వాళ్లది రిమోట్ లొకేషన్ లిస్టు (ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్), మధ్య ఊళ్ల మధ్య తిరిగేవాళ్లది ఉమ్మడి కోటా లిస్టు (పీక్యూడబ్ల్యూఎల్); ఇంకా మహిళలు, సైనికులు, ఎమర్జెన్సీ కోటా. 1997 డిసెంబరులో వచ్చిన తత్కాల్ మరీ విచిత్రం. కంప్యూటర్ వచ్చిన పన్నెండేళ్లకు, కాగితంతో ఏ సంబంధమూ లేకుండా పుట్టిన ఈ పథకం కూడా కొన్ని బెర్తులను విడిగా ముక్క కోసి ఒక మూల పెట్టడమే. పుస్తకాన్ని పేజీలుగా చీల్చి ఆలోచించడం ఆ ఆఫీసుకు అంతగా అలవాటైంది. ఈ ముక్కల మధ్య గోడలు ప్రయాణికుడికి అనుభవమే: ఉమ్మడి కోటాలో పదో నంబరు వాడు కదలకుండా ఉంటే, అదే రైల్లో జనరల్ లిస్టులో నలభయ్యో నంబరు వాడికి బెర్తు ఖాయమవుతుంది. అడిగితే కంప్యూటర్ ఇచ్చిందంటారు.

దీనికి బలమైన అభ్యంతరం ఉంది. కోటా కాగితం కోసం పుట్టి ఉండవచ్చు, కానీ అది నిలిచింది న్యాయం కోసం అంటారు. గోడలు తీసేసి బెర్తులన్నీ ఒక్క కుప్ప చేస్తే, బుకింగ్ తెరిచిన నిమిషంలో విశాఖ, హైదరాబాద్ వాళ్లే ఊడ్చేసుకుంటారు. తునిలో ఎక్కేవాడికి ఏనాటికీ చోటు మిగలదు. పైగా మధ్యలో దిగేవాడికి ఇస్తే మిగతా దూరం బెర్తు ఖాళీగా వెళ్లే ప్రమాదం ఉంది, దాని నష్టం రైల్వేదే. ఈ మాటలో నిజముంది, దాన్ని తోసిపుచ్చలేను. అయితే ఇది కోటా ఉండాలనడానికి కారణమే గాని, ఇప్పుడున్న కోటాలే ఉండాలనడానికి కాదు. న్యాయం కోసమే అయితే ఏ ఊరికి ఎన్ని అన్నది ఆ ఊరి అవసరాన్ని బట్టి రోజురోజుకూ మారాలి, ఆ లెక్క జనానికి కనిపించాలి. విమాన సంస్థలు 1980ల నుంచే ఈ దారి పట్టాయి. ఏ రోజు ఎంత గిరాకీ ఉంటుందో పాత అమ్మకాల నుంచి అంచనా కట్టి, గడులను ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా అమర్చి, ఖాళీ ఉన్నచోటికి జరుపుకున్నాయి. వాళ్ల ఉద్దేశం న్యాయం కాదు, లాభం. అందుకే రేట్లు ఆకాశాన్ని అంటుతాయి. మన రైల్వే 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో ప్రతి పదిశాతం బెర్తులకూ పదిశాతం చార్జీ పెంచుతూ ఒకటిన్నర రెట్ల దాకా పోయే పద్ధతి తెచ్చినప్పుడు తీసుకున్నది ఈ రెండో సగాన్నే. ధరను కదిలించింది, గోడలను కదిలించలేదు. ధర పెంచకుండా గోడలను మాత్రమే కదిలించడం లెక్కల పరంగా సాధ్యమే. జరగకపోవడానికి కారణం యంత్రం కాదు, ఎవరో కూర్చుని నిర్ణయించకపోవడం.

రెండో అభ్యంతరం అవినీతి గురించి. కాగితం కాలంలో గుమస్తా చేతిలో పుస్తకం ఉండేది, లోపల ఖాళీలు దాచుకుని చేయి చాపేవాడు. యంత్రం అందరినీ ఒకే వరసలో నిలబెట్టింది, అంతకన్నా గొప్ప మార్పు ఏముంటుందంటారు. ఇదీ చాలావరకు నిజమే. అదే సమయంలో, సమాచార వ్యవస్థ లంచాన్ని మాయం చేయదు, అది దొరికే చోటును మారుస్తుంది. కాగితం రోజుల్లో అరుదైన వస్తువు పుస్తకం దగ్గరి చోటు. ఇప్పుడు అరుదైనది తత్కాల్ తెరిచే మొదటి నిమిషం. ఏసీకి ఉదయం పది గంటలకు, స్లీపరుకు పదకొండుకు. ఆ నిమిషాన్ని మనిషి వేలికన్నా వేగంగా పట్టుకునే దొంగ సాఫ్ట్‌వేర్లు పుట్టాయి. అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేస్తే శిక్షించే 143వ సెక్షన్ 1989 నాటి రైల్వే చట్టంలోనే ఉంది. కిటికీ ముందు తచ్చాడే దళారీ కోసం రాసిన ఆ సెక్షన్‌నే ఇవాళ ఈ సాఫ్ట్‌వేర్ ముఠాల మీద వాడుతున్నారు. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి అయింది. ఎడ్మండ్‌సన్ టికెట్‌కు ప్రయాణికుడి పేరే అక్కర్లేదు. ఈ టికెట్‌కు అతని గుర్తింపు సంఖ్య కావాలి. వస్తువు అరుదైన కొద్దీ వ్యవస్థ మనిషిని గురించి మరింత తెలుసుకోవాలని చూస్తుంది.

యంత్రం వల్ల రైల్వేకు దక్కాల్సిన ఇంకో లాభం కూడా సగంలో ఆగింది. కాగితం కాలంలో బెర్తు లేదని తిప్పి పంపిన మనిషి ఏ లెక్కలోనూ చేరేవాడు కాదు. పేజీకి కింద గీత ఉంటుంది, దాని తర్వాత వచ్చినవాడు అసలు రానట్టే. కంప్యూటర్ వచ్చాక వెయిటింగ్ లిస్టు మొత్తం ఒకచోట చేరింది. సంక్రాంతికి ఏ మార్గంలో ఎంతమంది మిగిలిపోతున్నారో అధికారులు తెర మీద చూసి ప్రత్యేక రైళ్లు, అదనపు పెట్టెలు వేయగలుగుతున్నారు. మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ అని పుస్తకాలు చెప్పేదానికి మంచి ఉదాహరణ ఇదే. కానీ తెరకు పేజీలాంటి అడుగు గీత లేకపోయినా, లిస్టుకు పరిమితి మాత్రం ఉంది. అది నిండితే ‘రిగ్రెట్’ అని చూపిస్తుంది, ఇక బుకింగ్ తీసుకోదు. ఆ తర్వాత వచ్చినవాళ్లు వెయిటింగ్ లిస్టు లెక్కలోకి ఎక్కరు. పండగ ముందు హైదరాబాద్ నుంచి కోస్తాకు వెళ్లే రైళ్లన్నిటికీ రిగ్రెట్ వచ్చినప్పుడు ఆ వెలితి ఎంతో ఆ లిస్టు చూసి చెప్పలేం. డబ్బు తీసుకుని ఆశపెట్టి చివరికి తిప్పి ఇవ్వడం కన్నా ముందే లేదనడం మర్యాద అని రైల్వే అనవచ్చు, అది సబబే. అడిగినవాడి పేరు డబ్బు లేకుండా రాసుకోవడానికి మాత్రం అడ్డేమిటో తెలియదు.

చివరగా చార్టు. కాగితపు గీతల్లో అన్నిటికన్నా గట్టిది అదే. చార్టు రాయడానికి చేతికి సమయం కావాలి కాబట్టి రైలు కదలడానికి గంటల ముందు అమ్మకం మూసేవారు. ఇప్పుడు చేయి లేదు. 2018 మార్చి నుంచి పెద్ద స్టేషన్లలో పెట్టెలకు చార్టులు అతికించడం కూడా ఆపేయసాగారు. అయినా చార్టు వేళ అనే గడియ అలాగే ఉంది. ఆన్‌లైన్ టికెట్‌ను ఎప్పటిదాకా రద్దు చేసుకోవచ్చో, మిగిలిన బెర్తులు చార్టు తర్వాత అమ్మే కరెంట్ బుకింగ్‌లోకి ఎప్పుడు వెళ్తాయో అదే తేలుస్తుంది. నా వాదన మొత్తం నిజమైతే ఈ గడియ రైలు బయలుదేరే సమయానికి దగ్గరగా జరుగుతూ పోవాలి. జరిగింది తలకిందులు. 2025లో రైల్వే బోర్డు చార్టును నాలుగు గంటల ముందు కాకుండా ఎనిమిది గంటల ముందే వేయాలని, మధ్యాహ్నం రెండింటిలోపు బయలుదేరే రైళ్లకైతే ముందురోజు రాత్రి తొమ్మిదికే ముగించాలని నిర్ణయించింది. దూరం ఊళ్ల నుంచి స్టేషనుకు వచ్చే వెయిటింగ్ లిస్టు ప్రయాణికుడికి, బెర్తు లేకపోతే వేరే ఏర్పాటు చూసుకునే వ్యవధి ఉండాలన్నది వాళ్లు చెప్పిన కారణం. చేతిరాత కోసం పుట్టిన గడియకు ఇలా మనుషుల వైపు నుంచి కొత్త అవసరం దొరికింది. కాగితం గీతలు బద్ధకం వల్లే మిగిలాయనడం సరికాదని ఒప్పుకోవాల్సింది ఇక్కడే; కొన్నిటి చుట్టూ జనం తమ ఏర్పాట్లు కట్టుకున్నారు. ఈలోపు ఇంకో వైపు నుంచి గీత చెరగడం మొదలైంది. 2022 నుంచి టీటీఈల చేతుల్లోకి చిన్న యంత్రాలు వచ్చాయి. సామర్లకోటలో ఎక్కాల్సిన మనిషి ఎక్కకపోతే ఆ బెర్తు ఖాళీ అని టీటీఈ నొక్కగానే కూర్చునే చోటు మాత్రమే దక్కిన ఆర్‌ఏసీ వాళ్లకు, ఇంకా మిగిలితే ముందున్న స్టేషన్ వాళ్లకు అందుతుంది. రిజిస్టరు తొలిసారి రైల్లోకి ఎక్కింది. ఆ ఖాళీ ముందుగా ఎవరి వంతో తేల్చేది మాత్రం ఇంకా పాత వరసే.